జరగనిదానికి గడి లేదు

కెమిలో డిసెంబరు పగలంటే
గిన్నె అడుగున మిగిలిన పాలచార.
మూడు గంటలు, అంతే.
ఆ వెలుతురులోనే నాలుగిళ్లు తిరగాలి నేను.

మెట్లెక్కుతూ బూట్ల మంచు దులిపే చప్పుడు
కావాలనే గట్టిగా చేస్తాను.
సీసాలు దాచుకోనీ, కళ్లు తుడుచుకోనీ.
సిగ్గును సర్దుకునే వ్యవధి ఉన్న ఇంట్లోనే
తలుపు తెరుచుకుంటుంది.
శిక్షణలో ఎవరూ చెప్పలేదిది,
ముప్ఫై ఒక్కేళ్ల మెట్లు చెప్పాయి.

మూడో అంతస్తులో యార్మో.
కాగితం మిల్లు మూసేసిన దగ్గర్నుంచి
అతని చేతులకి పని లేదు.
సైలాకి వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
ఏడు వారాల ఐనిక్కి
పుట్టినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన అట్టపెట్టెలోనే పడుకుంటుంది,
నక్కపిల్లల బొమ్మలున్న దుప్పటి కప్పుకొని.
పడుకుంటే.

"నన్ను చూసే ఏడుస్తుందది," అన్నాడు.
నేను నోట్‌బుక్ తియ్యలేదు.
చేతులు మడిచి సింకు దగ్గరికి వెళ్లాను.
పదకొండు పాలసీసాలు, అడుగున పెరుగైపోయి.
ఎదురుగా కూర్చున్న అధికారికి చెప్పనివి
గిన్నెలు తోముతున్న వీపుకి చెబుతారు మనుషులు.

"నిన్న రాత్రి ఎత్తాను," అన్నాడు.
"ఎత్తి..."
నేను కొళాయి కట్టలేదు.
నీళ్లు పోతూనే ఉన్నాయి.
"ఎత్తి, దించేశాను."

ఆ రెండు మాటల మధ్య దారి
నాకు తెలుసు.
చాలామంది తండ్రులు, కొందరు తల్లులు
ఆ దారి సగంలో తప్పిపోయారు.
వాళ్లంతా రాక్షసులేం కాదు.
నిద్ర లేదు, అంతే. పిలవడానికి ఎవరూ లేరు, అంతే.
ఈ "అంతే"లు పోగుపడితే ఏమవుతుందో
చూశాను.

"దించావు కదా," అన్నాను.
"ఈసారీ అదే చెయ్. వెల్లకిలా పడుకోబెట్టు. తలుపు వెయ్యి.
బాల్కనీలోకి వెళ్లి రేవులో దీపాలు లెక్కపెట్టు.
కాసేపు ఏడిస్తే బిడ్డకేం కాదు."
రాత్రి ఫోను నంబరు
పాలడబ్బా అలమర లోపలివైపు రాశాను,
కళ్లద్దాల్లేకుండా కూడా కనబడేంత పెద్దగా.

ఒకసారి, చాలా ఏళ్ల కిందట,
ఏటి పక్క పసుప్పచ్చ ఇంటి తలుపు రెండుసార్లు తట్టాను.
లోపల దీపం ఉంది.
బిడ్డ నిద్రపోతోందనుకున్నాను.
గుమ్మంలో కార్డు పెట్టి వచ్చేశాను.
ఆ రోజు నాకు బస్సు దొరికింది.
తర్వాత ఆ ఇంటి మీద రాసిన కాగితంలో
ఒక్క గడీ ఖాళీగా లేదు.
తేదీ, వేళ, ఎముకల పేర్లు.

గురువారం, తెల్లవారుజాము మూడూ పదికి
ఫోను మోగింది. ఆ రాత్రి డ్యూటీ నాది.
గాజు తలుపు అవతల ఏడుపు, ఇవతల అతని ఊపిరి.
నేనేమీ బోధించలేదు.
"పదిహేడు," అన్నాడు. "పద్దెనిమిది.
ఒకటి కదుల్తోంది. మంచు కోసే ఓడేమో."
"అది కూడా లెక్కే," అన్నాను.
నలభై రెండు దగ్గర
ఏడుపు ఆగింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
"వెళ్లి చూడు."
అడుగులు. తలుపు. చాలాసేపు ఏమీ లేదు.
"నిద్రపోయింది. నోరు తెరుచుకుని.
నా చేతులు మొద్దుబారిపోయాయి."
"చంకల్లో పెట్టుకో," అన్నాను.

జనవరిలో ఆఫీసు నుంచి హిల్క్కా వచ్చింది.
మంచిదే పాపం, పైవాళ్లు లెక్కలు అడుగుతున్నారట.
మా ఆరుగురిలో ఇద్దర్ని తీసేస్తారట.
"ఈ ఇంటికి తొమ్మిదిసార్లు వెళ్లావు.
ఫలితం ఏం రాయమంటావు?"

గాయాలు: లేవు.
ఫిర్యాదు: లేదు.
ఆసుపత్రి: లేదు.
అన్నీ లేవులే. లేవుల మీద జీతం అడగడం
నాకే వింతగా ఉంది.

హిల్క్కా కాఫీ పోసుకోడానికి లేచింది.
కాగితం నా వైపు తిప్పుకున్నాను.
అంచున, గళ్లన్నిటికీ బయట
పెన్సిల్‌తో ఒక్క మాట రాశాను:

దించాడు.